ఇంటిపన్నులో పుస్తకాల పాలు: బాగలూరు సీమలో పౌరగ్రంథాలయం నడచి వచ్చిన దారి

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, హోసూరు నుంచి మాలూరుకు పోయే దారి మీద, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న బాగలూరు పాత పాళెగాళ్ళ ఊరు. బెంగళూరుకు ఉత్తరాన యెలహంక పక్కన ఇదే పేరుతో మరొక ఊరుండటం వల్ల రెండింటినీ కలిపి పొరబడేవారు లేకపోలేదు గాని, ఈ వ్యాసానికి విషయమైనది హోసూరు తాలూకాలోని బాగలూరే. పాళెగాడంటే ఒక చిన్న సీమను కోటతోనూ కొలువుతోనూ ఏలుకుంటూ, పైప్రభువుకు కప్పమూ యుద్ధకాలంలో బంట్లనూ పంపే స్థానిక నాయకుడు. హోసూరు తాలూకాలో బాగలూరు, బేరికె, సూళగిరి అలాంటి పాళేలుగా పేరుపడ్డాయి. 1792లో శ్రీరంగపట్నం సంధితో బారామహలు ఈస్టిండియా కంపెనీకి దక్కినా, దానికి పైన మైసూరు పీఠభూమి అంచున ఉన్న హోసూరు సీమ టిప్పు సుల్తాను పడిపోయిన 1799 దాకా మైసూరు కిందనే ఉండి, ఆ తరువాతనే సేలం జిల్లాలో కలిసింది. ఆ సేలం నుంచి 1965లో ధర్మపురి జిల్లా, ధర్మపురి నుంచి 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయాయి. గ్రంథాలయ చరిత్రలో జిల్లాల ఈ లెక్క ఎందుకనిపించవచ్చు. అయితే ఇరవయ్యో శతాబ్దపు నడుమ నుంచి ఈ నేల మీద పుస్తకం ఎవరి ఖజానా నుంచి వస్తుందో, ఏ భాషలో వస్తుందో నిర్ణయించినది చదువరి అభిరుచి కంటే ఎక్కువగా ఈ పరిపాలనా సరిహద్దులే కనుక, వాటిని ముందుగా చెప్పుకోక తప్పదు.

కోలారు, కుప్పం, హోసూరు ప్రాంతాలను కలుపుకొని జనం మొరసునాడు అని పిలుచుకొనే ఈ మెట్టసీమలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే సంతలో వినబడే భాషలు. ఇంట్లో తెలుగు, పొరుగువారితో కన్నడం, కచేరీలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ వింతేమీ కావు. తెలుగు, కన్నడ లిపులు దగ్గరివి కావటంతో ఒకటి నేర్చినవారు రెండవదాన్ని కూడబలుక్కొని చదవటం సాధ్యమయ్యేది. అచ్చు పుస్తకం అరుదుగా ఉన్న కాలంలో ఇక్కడా, తెలుగునాట మరెక్కడైనా, చదవటమంటే చాలామటుకు వినటమే: ఒకరు భారతమో భాగవతమో గొంతెత్తి చదివి అర్థం చెబుతుంటే వీధి వీధంతా కూర్చుని వినే పురాణ కాలక్షేపం, ఎండాకాలపు రాత్రుల్లో వీధినాటకం, హరికథ, ఇవే అక్షరం రానివారికి సాహిత్యాన్ని చేర్చిన మార్గాలు. పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి ఒంటరిగా, నోరు మెదపకుండా చదువుకొని తిరిగి అప్పగించే అలవాటు దీనికి పూర్తిగా భిన్నమైనది. అది రావటానికి అక్షరాస్యతతో పాటు, అపరిచితులకు సైతం పుస్తకాన్ని నమ్మి ఇచ్చే ఒక సంస్థ కూడా కావలసి వచ్చింది.

అలాంటి సంస్థలు మొదట నగరాల్లో ప్రభువుల పూనికతో వెలిశాయి. గవర్నరు కన్నెమరా పేరుతో చెన్నపట్నంలో 1896 డిసెంబరు 5న తెరచిన గ్రంథాలయం మద్రాసు రాజధాని అంతటికీ చెందినదని కాగితం మీద ఉన్నా, మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న హోసూరు తాలూకా రైతుకు దానితో పని లేదు. అంతకంటే ఎంతో దగ్గరలో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా ఉన్న రోజుల్లో, బెంగళూరు కబ్బన్ పార్కులోని శేషాద్రి అయ్యరు స్మారక మందిరంలో ప్రభుత్వ గ్రంథాలయం ఏర్పడింది. కాని బాగలూరివారికి అది పొరుగు సంస్థానపు సొత్తు. బండి కట్టుకొని పోతే ఒక్కరోజులో చేరగల గ్రంథాలయం పరాయి ప్రభుత్వానిది కాగా, తమదనిపించుకొన్న గ్రంథాలయం కొండలు దిగి, రైలెక్కి పోవలసిన చోట ఉండటం సరిహద్దు ఊళ్ళ భాగ్యమనే అనుకోవాలి.

ఇదే కాలంలో, అదే మద్రాసు రాజధానిలో, ప్రభువుల పూనిక కోసం ఎదురుచూడకుండా గ్రంథాలయాన్ని ఊరి పనిగా చేసుకొన్న ప్రాంతం ఒకటుంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ప్రభృతులు నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం నిజాం రాజ్యంలో తెలుగు చదువరులకు నీడ కాగా, కోస్తా ఆంధ్రలో ఈ పని ఒక ఉద్యమంగా మారింది. 1911లో బెజవాడలో పుట్టిన రామమోహన ధర్మగ్రంథాలయం చుట్టూ చేరిన యువకుల్లో అయ్యంకి వెంకటరమణయ్య ముందు వరసలో ఉండి, అక్కడక్కడ విడివిడిగా నడుస్తున్న గ్రంథాలయాలను ఒక తాటి మీదికి తేవాలని తలపెట్టగా, 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఒక భాషాప్రాంతంలోని గ్రంథాలయాలన్నీ కలిసి సంఘంగా ఏర్పడటం భారతదేశంలో అప్పటికి కొత్త సంగతి. సంఘం పక్షాన గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక వెలువడింది; 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయిలో పౌరగ్రంథాలయ మహాసభ జరపటానికి కూడా ఈ ఆంధ్రులే పూనుకొన్నారు. నేడు దేశమంతటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల తేదీ ఆ సభ నుంచి వచ్చినదే గాని, అదే రోజు నెహ్రూ జన్మదినం కావటంతో ఆ సభ జ్ఞాపకం బడిపిల్లల పండుగ చాటున మరుగుపడింది.

ఈ ఉద్యమం కనిపెట్టిన పద్ధతుల్లో గ్రంథాలయ యాత్ర ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కార్యకర్తలు జట్టుగా బయలుదేరి ఊరూరా తిరుగుతూ, ఉన్న గ్రంథాలయాలను చూసి, వాటి నడకను విచారించి, లేనిచోట పెట్టించి, రాత్రిపూట సభలు జరిపి, పుస్తకాలూ చందాలూ పోగుచేయటం దీని స్వరూపం. తీర్థయాత్రకు అలవాటుపడిన జనానికి గ్రంథాలయాన్ని దర్శించదగిన స్థలంగా చూపించటం తెలివైన ఎత్తుగడే. గ్రంథాలయాన్ని చూడబోవటం, అందులో ఏమున్నదో ఆరాయటం, దాన్ని నడిపే తీరును ప్రశ్నించటం సామాన్య పౌరుడు చేయదగిన పనులని తెలుగునేల మీద మొదట చాటినవి ఈ యాత్రలే. 1920లోనే బెజవాడలో గ్రంథపాలకులకు, అంటే పుస్తకాలను సమకూర్చి, వర్గీకరించి, చదువరులకు అందించే ఉద్యోగులకు, శిక్షణ తరగతులు జరిగాయి. పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లా పెదపాలెంలోని సేవాశ్రమం తరఫున 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కృష్ణా కాలువల్లో నడిపించారు. వేటపాలెంలో ఊటుకూరి వెంకటసుబ్బరాయ శ్రేష్ఠి 1918లో ప్రారంభించిన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు నేటికీ వెతుక్కుంటూ పోయే చోటు అది.

ఈ ఉద్యమ చరిత్రలను తిరగేస్తే కనబడే పేర్లలో అధికభాగం కృష్ణా, గోదావరి, గుంటూరు మండలాలవి. సేలం జిల్లాలోని తెలుగు ఊళ్ళు వాటి అంచులకు కూడా రావు. దీనికి భాషాభిమానం తక్కువ కావటం కారణమనటం తొందరపాటు. ఆనకట్టల నీటితో రెండు పంటలు పండి, ధాన్యం అమ్మిన డబ్బు చేతిలో ఆడుతూ, అచ్చుయంత్రాలూ ఉన్నత పాఠశాలలూ రైలుస్టేషన్లూ దగ్గరగా ఉన్న డెల్టాలో ఒక ఊరు నెలకు కొన్ని రూపాయలు కూడబెట్టి పత్రికలు తెప్పించగలిగేది. వానను నమ్ముకొని రాగీ ఉలవా పండించే మెట్టసేద్యపు సీమకు అలాంటి వెసులుబాటు లేదు. పైగా తెలుగు జిల్లాలకు వేరే రాష్ట్రం కోరిన ఆంధ్రోద్యమం ఏ జిల్లాలను తనవిగా లెక్కించుకొన్నదో గ్రంథాలయోద్యమం కూడా చాలావరకు ఆ జిల్లాల్లోనే తిరిగింది. కాలువ లేనిచోటికి పడవ రాలేదు, సంఘం శాఖ లేనిచోటికి యాత్రా రాలేదు. బాగలూరు సీమకు పౌరగ్రంథాలయం వచ్చినది మరో దారిన, అంటే చట్టం ద్వారా, ఇంటిపన్ను రశీదు మీదుగా.

ఆ చట్టానికి మూలపురుషుడు శియాళి రామామృత రంగనాథన్. గణితోపాధ్యాయుడిగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి గ్రంథపాలకుడైన ఈయన, శిక్షణ కోసం లండను వెళ్ళినప్పుడు తరగతి గదికి పరిమితం కాకుండా ఇంగ్లండులోని అనేక గ్రంథాలయాలను తిరిగి చూసి, ఒక్కొక్కచోట పుస్తకాలను ఏ వరసలో పెడతారు, పిల్లలకూ కార్మికులకూ వేరే ఏర్పాట్లున్నాయా, పుస్తకం అడిగినవాడికి ఎంతసేపట్లో అందుతుంది అన్నవి గమనించి వచ్చారు. సందర్శన వల్ల శాస్త్రం పుట్టవచ్చుననటానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడటం, 1931లో ఆయన ప్రతిపాదించిన అయిదు గ్రంథాలయ సూత్రాలు పుస్తకంగా రావటం, ఆ ఏడాది అక్టోబరులోనే మన్నార్గుడి దగ్గర మేలవాసల్‌లో ఎద్దుల బండి మీద గ్రంథాలయం బయలుదేరటం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆ సూత్రాల్లో రెండవది ఈ వ్యాసానికి ముఖ్యమైనది: చదవగోరిన ప్రతి మనిషికీ, అతడెవరైనా, అతడికి తగిన పుస్తకం దొరకాలని దాని తాత్పర్యం. పుస్తకం ఏ భాషలోనిది అన్న ప్రశ్నను ఆ సూత్రం విడిగా ఎత్తకపోయినా, సరిహద్దు సీమలో దాన్ని పాటించటం మొదలుపెట్టగానే ఆ ప్రశ్న దానంతటదే లేస్తుంది.

గ్రంథాలయాలకు చట్టం కావాలన్న బిల్లు 1933లో బషీర్ అహమ్మద్ సయీద్ ద్వారా మద్రాసు శాసనమండలికి వచ్చి ముందుకు సాగలేదు. 1938లో మళ్ళీ వచ్చి, మరుసటి ఏడు కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామాతో మూలపడింది. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి నాయకత్వంలో నడచినదే ఆ మంత్రివర్గం కావటం కాకతాళీయమే గాని, చెప్పుకోకుండా విడిచేది కాదు. చివరకు టి.ఎస్. అవినాశిలింగం విద్యామంత్రిగా ఉండగా, రంగనాథన్ ముసాయిదా ఆధారంగా, 1948లో మద్రాసు పౌరగ్రంథాలయాల చట్టం వచ్చింది. అంతకు ముందే, 1945లో, కొల్హాపురు సంస్థానం ఒక చట్టం చేసుకొన్నా, స్వతంత్ర భారతదేశంలో ఇది మొదటిది.

ఈ చట్టం చేసిన ప్రధానమైన పని గ్రంథాలయానికి సొంత రాబడిని ఏర్పరచటం. నగరానికొకటి, జిల్లాకొకటి చొప్పున స్థానిక గ్రంథాలయ సంస్థ ఉంటుంది. మునిసిపాలిటీలూ పంచాయతీలూ వసూలుచేసే ఇంటిపన్ను మీద రూపాయికి ఆరు పైల చొప్పున సెస్సు, అంటే ఒక నిర్దిష్ట ప్రయోజనానికే ఖర్చుపెట్టవలసిన అదనపు పన్ను, విధించి ఆ సంస్థకు జమచేస్తారు. మద్రాసు నగరం తప్ప మిగిలిన జిల్లాల్లో ప్రభుత్వం కూడా ఆ మొత్తానికి తగ్గకుండా తన వంతు కలుపుతుంది. పాత లెక్కలో పన్నెండు పైలు ఒక అణా, పదహారణాలు ఒక రూపాయి కనుక ఆరు పైలంటే పన్నులో ముప్పైరెండో వంతు; ఏటా ఎనిమిది రూపాయల ఇంటిపన్ను కట్టే గృహస్థు గ్రంథాలయానికి ఇచ్చేది నాలుగణాలు. ఇంగ్లండులో 1850 నాటి చట్టం ఆస్తి విలువ మీద పౌనుకు అరపెన్నీ, 1855 నాటిది ఒక పెన్నీ దాకా వసూలుచేయటానికి పురపాలక సంఘాలకు అనుమతి మాత్రమే ఇచ్చింది, నిర్బంధించలేదు. మద్రాసు చట్టం ఆస్తి విలువ మీద కాక, అప్పటికే పడుతున్న పన్ను మీద చిన్న మొత్తాన్ని వేసి, దాన్ని తప్పనిసరి చేసింది. రేటు తమిళనాట తరువాత ఐదు పైసలకూ, ఆపైన పది పైసలకూ పెరిగింది. ఊరివారి ఉత్సాహం మీద ఆధారపడిన గ్రంథాలయం ఆ ఉత్సాహం చల్లారితే మూతపడుతుంది. సెస్సు మీద ఆధారపడినది కునుకుతూనైనా నడుస్తుంది. డెల్టాలో చందాలతో వెలిగిన పల్లె గ్రంథాలయాలు ఒక తరం తరువాత ఎన్ని మిగిలాయో చూసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది.

సెస్సుకు మరో గుణం ఉంది, దాన్ని చట్టకర్తలు ఉద్దేశించారో లేదో గాని. అది ఇంటిని చూసి పడుతుంది తప్ప ఆ ఇంట్లో మాట్లాడే భాషను చూసి పడదు. బాగలూరులో తెలుగు మాట్లాడే రైతు, కన్నడం మాట్లాడే వర్తకుడు, ఉర్దూ మాట్లాడే చేతిపనివాడు, తమిళం మాట్లాడే ఉద్యోగి ఒకే రేటున ఈ పన్ను కట్టారు, కడుతున్నారు. కనుక గ్రంథాలయపు అరలో తన భాష పుస్తకాన్ని అడిగే తెలుగు చదువరి దయాదాక్షిణ్యాలను కోరటం లేదు. తాను ముందుగానే చెల్లించిన సేవను అడుగుతున్నాడు. భాషా అల్పసంఖ్యాకుల సమస్య అనగానే బడుల గురించీ కచేరీ దరఖాస్తుల గురించీ మాట్లాడటం పరిపాటి అయి, గ్రంథాలయపు పద్దు ఎవరి దృష్టికీ రాకపోవటం విచిత్రం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఒకే మద్రాసు చట్టం రెండు పాయలుగా చీలింది. ఆంధ్ర ప్రాంతంలో అది 1960 దాకా అమల్లో ఉండి, తెలంగాణలో అమలైన 1955 నాటి హైదరాబాదు చట్టంతో పాటు, కొత్తగా వచ్చిన 1960 ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయాల చట్టానికి చోటిచ్చింది. మైసూరు రాష్ట్రం 1965లో తన చట్టం తెచ్చుకొన్నది. హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోవటంతో, అక్కడి తెలుగువారి సెస్సు సేలం సంస్థకూ, జిల్లాలు చీలిన కొద్దీ ధర్మపురి, కృష్ణగిరి సంస్థలకూ పోయింది. ఎల్లకు అవతల కుప్పంలో అదే యాస మాట్లాడే చదువరి చిత్తూరు జిల్లా సంస్థ నుంచి తెలుగు పుస్తకాన్ని సహజంగా పొందుతుండగా, మాలూరులో ఉన్నవాడికి కన్నడ పుస్తకం, బాగలూరులో ఉన్నవాడికి తమిళ పుస్తకం సహజమైనవి అయ్యాయి. మొరసునాడు ఒకటే అయినా దాని మీద మూడు గ్రంథాలయ చట్టాలు నిలబడ్డాయి. ఆంధ్రలో సైతం స్థానిక సంస్థలు వసూలుచేసిన సెస్సును గ్రంథాలయాలకు సకాలంలో జమచేయటం లేదన్న ఫిర్యాదు తరచు వినబడేదే కనుక, ఎల్లకు అవతల అంతా సుభిక్షమని భావించనక్కరలేదు.

తమిళనాడు గ్రంథాలయ వ్యవస్థ మెట్లు మెట్లుగా అమరి ఉంది. పైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా కన్నెమరా. జిల్లా ముఖ్యపట్టణంలో జిల్లా కేంద్ర గ్రంథాలయం. దాని కింద పట్టణాల్లోనూ పెద్ద ఊళ్ళలోనూ ‘కిళై నూలగం’ అనే శాఖా గ్రంథాలయాలు. ఇంకా చిన్న ఊళ్ళలో ‘ఊర్ప్పుర నూలగం’ అనే గ్రామీణ గ్రంథాలయాలు. చివరగా రోజులో కొద్దిగంటలే తెరచి ఉండే పాక్షికకాల గ్రంథాలయాలు. 1972లో వీటికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. శాఖా గ్రంథాలయంలోకి అడుగుపెట్టినవారు మొదట సందర్శకుల పుస్తకంలో సంతకం పెడతారు. వార్తాపత్రికలు చదవటానికి సభ్యత్వం అక్కరలేదు, ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోవాలంటే కొంత ధరావతు, అంటే మానుకొన్నప్పుడు తిరిగి ఇచ్చే పూచీ సొమ్ము, స్వల్ప చందాతో కలిపి కట్టి సభ్యులు కావాలి. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చినవారిని ‘పురవలర్’, అంటే పోషకులు, అంటారు. సాధారణంగా అది వెయ్యి రూపాయలు. చదువరులతో ఏర్పడే ‘వాసగర్ వట్టం’, అంటే పాఠకుల సంఘం, సభలు జరపటమే కాక గ్రంథాలయానికి కావలసినవాటిని అధికారులకు విన్నవించగలదు. ఈ ఏర్పాట్లలో ఏదీ ఒక భాషకు పరిమితమైనది కాదు. ధరావతు రశీదు తమిళంలో ఉన్నంత మాత్రాన తెలుగు పత్రిక తెప్పించమని అడగటానికి అడ్డు లేదు. అడిగేవారు తగినంతమంది, తగినన్నిసార్లు కనబడాలన్నది ఒక చిక్కు.

అసలు చిక్కు పుస్తకాలు కొనే చోట ఉంది. రాష్ట్రస్థాయిలో సంఘాలు పుస్తకాలను ఎంపికచేసి, ఒక్కొక్క పుస్తకానికి వందల ప్రతులు కొని రాష్ట్రంలోని గ్రంథాలయాలకు పంచే పద్ధతి తమిళ ప్రచురణరంగాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టింది. గ్రంథాలయ శాఖ ఆర్డరు వస్తుందన్న ధీమాతో అచ్చయిన తమిళ పుస్తకాలు తక్కువ కాదు. కాని ఈ పద్ధతి భారీ సంఖ్యకు అనువైనది. సరిహద్దు తాలూకాల్లోని కొద్దిపాటి గ్రంథాలయాలకు మాత్రమే కావలసిన తెలుగు పుస్తకం, హైదరాబాదులోనో విజయవాడలోనో అయిదు వందలో వెయ్యో ప్రతులు అచ్చువేసుకొనే చిన్న ప్రచురణకర్తది, ఆ జల్లెడలో ఇమడటం కష్టం. ఇందులో దురుద్దేశం వెతకటం అనవసరం. కొనుగోలు ఎంత పైనుంచి జరిగితే స్థానిక భాషల తేడాలు అంతగా కనబడకుండా పోతాయి. జిల్లా సంస్థ చేతిలో స్వతంత్రంగా ఖర్చుపెట్టగల మొత్తం ఎంత పెరిగితే అంతగా అవి కనబడతాయి. 1948 చట్టం జిల్లాకొక సంస్థ అన్నప్పుడు రంగనాథన్ తలపులో ఉన్నది ఈ రెండవ మార్గమేనని ఊహించటం అన్యాయం కాదు. రాష్ట్రాలకు పుస్తక సహాయం చేయటానికి 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషను నిధులు కూడా రాష్ట్ర ప్రభుత్వాల ద్వారానే రావటం వల్ల, అదే జల్లెడను దాటి రావలసినవే.

2006 ఈ సీమలో చదువుకు సంబంధించి రెండు ఎదురుబొదురు మార్పులు మొదలైన సంవత్సరం. ఆ ఏడాది తమిళనాడు ప్రభుత్వం రాష్ట్రంలోని 12,618 గ్రామ పంచాయతీలనూ అయిదేళ్ళలో విడతలవారీగా అభివృద్ధి చేసే అన్నా మరుమలర్చి పథకాన్ని ప్రారంభించి, చేపట్టిన ప్రతి పంచాయతీలోనూ ఒక గ్రంథాలయ భవనం కట్టటాన్ని అందులో చేర్చింది. శాఖా గ్రంథాలయాలు చేరని మారుమూల పల్లెలకు కూడా పుస్తకాల గది చేరటం, దాని నిర్వహణ పంచాయతీ చేతికే రావటం దీని ఫలితం. అదే ఏడాది తమిళ అభ్యసన చట్టం వచ్చి, 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పోతూ, 2015-16 నాటికి పదో తరగతి దాకా అన్ని బడుల్లోనూ తమిళాన్ని తప్పనిసరి మొదటిభాష చేసింది. పదో తరగతి పరీక్షల్లో అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు న్యాయస్థానాల ద్వారా మినహాయింపులు లభిస్తూ వచ్చినా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరాలు చదవలేని పిల్లల సంఖ్య పెరగటానికి ఇది దోహదం చేసింది. రాష్ట్రభాష నేర్చుకోవటం పిల్లలకు మేలే, దాన్ని కాదనేవారు హోసూరు తెలుగువారిలోనూ అరుదు. అభ్యంతరమల్లా దానికి తమ భాషను వెలగా చెల్లించవలసి రావటం మీదనే. గ్రంథాలయ చరిత్ర దృష్టితో చూస్తే, పల్లెకు పుస్తకాల గది వచ్చిన సంవత్సరమే ఆ గదిలో తెలుగు పుస్తకాన్ని అడగగల తరం తరగటం మొదలైంది. బడిలో అక్షరం నేర్పనిచోట గ్రంథాలయం ఆ లోటు పూరించగలదా అంటే, ఆంధ్రదేశంలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు వయోజన విద్యనూ గ్రంథాలయాన్నీ కలిపి నడిపిన అనుభవం పూరించగలదనే చెబుతుంది. కాని అక్కడ ఆ పనికి సంఘమూ కార్యకర్తలూ ఉన్నారు.

హోసూరు మాత్రం ఈ మధ్యకాలంలో పోల్చుకోలేనంతగా మారింది. 1970ల నుంచి పారిశ్రామికవాడలు వెలసి, వాహనాల, గడియారాల కర్మాగారాలు వచ్చి, 2019లో నగరపాలక సంస్థగా ఎదిగిన ఊరికి తమిళనాడు దక్షిణ జిల్లాల నుంచీ, ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చి స్థిరపడినవారెందరో. బాగలూరు దారి కూడా ఆ విస్తరణలో భాగమైంది. దీనితో గ్రంథాలయానికి వచ్చేవారి స్వభావమూ మారింది: కథల పుస్తకం కోసం వచ్చేవారి కంటే, ప్రభుత్వోద్యోగ పోటీపరీక్షలకు సొంత పుస్తకాలు తెచ్చుకొని, నిశ్శబ్దమూ కుర్చీ ఫ్యానూ మాత్రం గ్రంథాలయం నుంచి తీసుకొనే యువకులు నేటి పఠనమందిరాల్లో అధికం. పాతకాలపు గ్రంథపాలకులకు ఇది వెలితిగా తోచినా, ఇరుకైన అద్దె గదిలో నలుగురు ఉండే కుటుంబపు పిల్లకు చదువుకోవటానికి బల్ల దొరకటం చిన్న సేవ కాదు. రంగనాథన్ చూసి వచ్చిన లండను పేటల గ్రంథాలయాలు కార్మికుల పిల్లలకు చేసినదీ ఇంచుమించు ఇదే.

తెలుగు పుస్తకం మరో దారిలో ఈ సీమకు చేరుతున్నది. పాత తెలుగు పత్రికల సంపుటాలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజు చేయటం, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు గ్రంథాల పుటలను స్కాను చేసి అందుబాటులో పెట్టటం వల్ల, ఒకప్పుడు వేటపాలెమో కన్నెమరానో వెళ్ళి చూడవలసిన సంపుటం ఇప్పుడు ఫోనులో తెరచుకుంటుంది. 2010 సెప్టెంబరు 15న చెన్నై కొట్టూరుపురంలో తెరచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలకు చోటున్నా, హోసూరుకు అది కన్నెమరా ఉన్నంత దూరంలోనే ఉంది. ఇంతలో హోసూరు ప్రాంతపు రచయితలు తమ యాసలో కథలు రాసి పుస్తకాలుగా వేసుకోవటం మొదలుపెట్టారు. మొరసునాడు కతలు పేరుతో వచ్చిన సంకలనం ఆ కృషికి ఒక గుర్తు. తమ ఊళ్ళ గురించి తమ మాటలో అచ్చయిన ఇలాంటి పుస్తకాలను కృష్ణగిరి జిల్లా శాఖా గ్రంథాలయాల అరల్లో చేర్చటానికి హైదరాబాదు నుంచి లారీలు రానక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. పాఠకుల సంఘం తీర్మానమో పురవలర్ విరాళమో ఉంటే, వాటిని జిల్లా సంస్థ ముందు పెట్టటానికి 1948 చట్టం నాటి నుంచి ఉన్న ఏర్పాట్లే చాలు.